భారత పౌరసత్వం పొందే మార్గాలు: ఎవరికి ఏ నిబంధన, ఏ కాగితాలు

మనలో చాలామందికి పౌరసత్వం గురించి ఆలోచించవలసిన అవసరమే రాదు. ఈ నేల మీద పుట్టాం, ఇక్కడే ఓటు వేస్తున్నాం కనుక అది ఉన్నదేనన్న ధీమాతో ఉంటాం. కువైట్‌లో పుట్టిన బిడ్డకు పాస్‌పోర్టు తీయవలసి వచ్చినప్పుడో, విదేశీ వనితను పెళ్లాడిన కొడుకు ఆమెతో సహా సొంత ఊళ్లో స్థిరపడదలచినప్పుడో, ఎప్పుడో అమెరికా పౌరసత్వం తీసుకున్న పెదనాన్న మళ్లీ భారత పౌరుడు కావాలని కోరుకున్నప్పుడో మొదటిసారిగా చట్టం ఏమంటోందని వెతుకుతాం. అప్పటికే ఒక ముఖ్యమైన గడువు దాటిపోయి ఉండడం సర్వసాధారణం. ఆ పరిస్థితి రాకుండా, భారత పౌరసత్వం ఎవరికి ఏ మార్గంలో లభిస్తుందో, అందుకు ఏయే పత్రాలు సిద్ధం చేసుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజ్యాంగంలోని రెండో భాగం, అంటే 5 నుంచి 11 వరకు ఉన్న అధికరణలు, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటికి ఎవరు భారత పౌరులో చెప్పి, ఆ తర్వాతి సంగతులు నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకు అప్పగించాయి. ఆ అధికారంతో పార్లమెంటు చేసినదే 1955 నాటి పౌరసత్వ చట్టం. జన్మతః, వంశానుగతంగా, నమోదు ద్వారా, దీర్ఘకాల నివాసం ఆధారంగా సహజీకృత పద్ధతిలో, భూభాగం దేశంలో విలీనం కావడం వల్ల అని ఈ చట్టం అయిదు మార్గాలను గుర్తిస్తుంది. చట్టాన్ని పార్లమెంటు పలుమార్లు సవరించింది. అందుచేత ఒకే ఆస్పత్రిలో పుట్టిన అక్కకూ తమ్ముడికీ వర్తించే నిబంధనలు వేరు కావచ్చు. ఏ దరఖాస్తు నింపేముందైనా మనిషి పుట్టిన తేదీ, పుట్టిన చోటు, ఆ రోజుకు తల్లిదండ్రులిద్దరూ ఏ దేశ పౌరులు అన్న మూడు సంగతులను కాగితం మీద రాసుకోవాలి. మిగిలిన విషయమంతా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. ఆధార్ కార్డు పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోని 9వ సెక్షనే స్పష్టంగా చెబుతోంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు మన దేశంలో నివసించిన విదేశీయుడికి కూడా ఆధార్ ఇస్తారు. పాన్ కార్డు పన్నుకూ, రేషన్ కార్డు సరుకులకూ సంబంధించినవి. ఓటరు కార్డు, పాస్‌పోర్టు పౌరులకు ఇచ్చేవే కనుక వాటికి బరువు ఎక్కువే. అయినా వివాదం తలెత్తినప్పుడు పౌరసత్వం ఏ సెక్షన్ కింద సంక్రమించిందన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకదు. ఆ సమాధానం జనన ధ్రువపత్రంలోనో, రాయబార కార్యాలయపు నమోదు పత్రంలోనో, కేంద్ర హోం శాఖ ఇచ్చిన ధ్రువపత్రంలోనో ఉంటుంది.

ఈ దేశంలో పుట్టినవారు

చట్టంలోని 3వ సెక్షన్ కాలాన్ని మూడు ముక్కలుగా విభజించింది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా సరే, జన్మతః భారత పౌరులే. విదేశీ దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 3కి ముందు వరకు పుట్టినవారి విషయంలో, పుట్టిన నాటికి తల్లి గానీ తండ్రి గానీ భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు నిబంధన ఇంకా బిగిసింది. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు బిడ్డ పుట్టిన నాటికి అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వచ్చినవారిని, అనుమతించిన గడువు దాటాక కూడా ఉండిపోయినవారిని చట్టం అక్రమ వలసదారులుగా పరిగణిస్తుంది.

దీన్ని ఆచరణలో ఎలా వాడుకోవాలో చూద్దాం. 2010లో గుంటూరులో పుట్టిన అమ్మాయి తన పౌరసత్వాన్ని రుజువు చేసుకోవాలంటే తన జనన ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు, తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూపాలి. ఆ తల్లి 1984లో తెనాలిలో, తండ్రి 1981లో బాపట్లలో పుట్టినట్లు పత్రాలు ఉంటే ఇంకా వెనక్కి వెళ్లవలసిన పని లేదు, ఎందుకంటే 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టడమే వారికి చాలు. అదే తండ్రి 1988లో పుట్టి ఉంటే, ఆయన తల్లి గానీ తండ్రి గానీ భారత పౌరులని చూపే కాగితం, అంటే తాతా నానమ్మల కాలం నాటి కాగితం, తీయవలసి వస్తుంది. మన కుటుంబాల్లో సాధారణంగా ఎవరూ వెతకని కాగితం ఇదే. ఇంట్లో పెద్దవాళ్ల పదో తరగతి సర్టిఫికెట్లు, పాత పాస్‌పోర్టులు, సర్వీసు రిజిస్టరు నకళ్లు ఉంటే వాటిని పారేయకుండా దాచమని నేను గట్టిగా చెబుతాను.

జనన ధ్రువపత్రం సంగతికి వస్తే, బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆ గడువు దాటినకొద్దీ ఆలస్య రుసుము, పైఅధికారి అనుమతి వంటివి తోడవుతాయి. ఏడాది దాటితే మన రాష్ట్రాల్లో మామూలుగా ముందు రికార్డులో వివరాలు లేవన్న ధ్రువపత్రం తీసుకుని, ఆ తర్వాత ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాలి. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరడం మొదలు ఓటరు జాబితా, పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి, చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం.

ధ్రువపత్రం చేతికి వచ్చాక దాన్ని ఒక్కో అక్షరం చదవాలి. ఆస్పత్రి నుంచి వెళ్లిన వివరాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండిపోవడం మామూలే, ఎందుకంటే మన ఇళ్లలో పేరు పెట్టేది బారసాల నాడు. తల్లి పేరు ఒకచోట సత్యవతి అని, ఇంకోచోట సత్యవతమ్మ అని పడుతుంది. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరో పత్రంలో వెనుక వస్తుంది, మూడోదాంట్లో పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. ఆ ఇద్దరూ ఒకే మనిషని మనకు తెలుసు గానీ, దరఖాస్తు పరిశీలించే అధికారికి తెలియదు. ఖాళీగా ఉన్న పేరును నమోదైన ఏడాదిలోపు ఉచితంగానూ, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు రుసుముతోనూ చేర్పించవచ్చు. తప్పులను జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షన్ కింద పంచాయతీ కార్యదర్శి వద్దనో, పురపాలక కార్యాలయంలోనో సరిచేయించుకోవచ్చు.

విదేశంలో పుట్టిన బిడ్డ

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఈ భాగమే. తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులే అయినా, 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం దానంతట అదే రాదు. పుట్టిన ఏడాదిలోపు ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో జననాన్ని నమోదు చేయించాలి. బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు ప్రకటన ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ తేదీకి ముందు పుట్టినవారి సంగతి వేరు. 1992 డిసెంబరు 10కి ముందు విదేశంలో పుట్టినవారికి తండ్రి మాత్రమే లెక్కలోకి వచ్చేవాడు, తల్లి భారతీయురాలైనా ఫలితం ఉండేది కాదు. 1992 సవరణ ఆ అన్యాయాన్ని తొలగించి, తల్లిదండ్రుల్లో ఎవరు భారత పౌరులైనా చాలునంది.

ఏడాది గడువు ప్రభావం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో పుట్టిన మన పిల్లలకు చాలామంది తల్లిదండ్రులు అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, ఆపైన భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు చేయిస్తారు. అలా తీసుకున్నాక విదేశీ పాస్‌పోర్టు లేదన్న ప్రకటన ఇవ్వడం సాధ్యం కాదు కనుక వంశానుగత పౌరసత్వపు దారి అక్కడితో మూసుకుపోతుంది. తెలిసి చేసే ఎంపిక అయితే అందులో తప్పేమీ లేదు. కాకపోతే కుటుంబం అయిదారేళ్లలో తిరిగి వచ్చే ఆలోచనలో ఉంటే, అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేముందే ఈ విషయం మాట్లాడుకోవాలి.

గల్ఫ్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. కువైట్, సౌదీ అరేబియా, ఖతార్, యూఏఈ వంటి దేశాల్లో పుట్టినంత మాత్రాన మన పిల్లలకు అక్కడి పౌరసత్వం రాదు. భారత కాన్సులేట్‌లో నమోదు జరగకపోతే ఆ బిడ్డకు ఏ దేశపు కాగితమూ ఉండదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వెళ్లిన కుటుంబాలకు ఇది మాటవరుసకు చెప్పే ప్రమాదం కాదు. వీసా గడువు ముగిసినవారో, యజమాని దగ్గర పాస్‌పోర్టు చిక్కుకుపోయినవారో, పెళ్లి రిజిస్టరు చేయించకుండా వెళ్లినవారో భయంతో కాన్సులేట్ గడప తొక్కరు. అలా ఏడాది గడిచిపోతుంది. బడిలో చేర్చాలన్నా, విమానం ఎక్కించాలన్నా అప్పుడు ఆ బిడ్డకు ఆధారం ఉండదు. తల్లిదండ్రుల నివాస అనుమతి సరిగా లేకపోయినా బిడ్డ జనన నమోదు కోసం భారత కార్యాలయాన్ని ఆశ్రయించడమే సరైన పని, ఆలస్యం చేసినకొద్దీ చిక్కు పెరుగుతుంది తప్ప తగ్గదు.

అందుకు ఇంటి దగ్గరే చేసుకోవలసిన సన్నాహం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో తెచ్చిన వివాహాల తప్పనిసరి నమోదు చట్టం కింద పెళ్లిని రిజిస్టరు చేయించి, ఆ ధ్రువపత్రానికి విదేశాంగ శాఖ అటెస్టేషన్ కూడా పూర్తిచేసుకుని ప్రయాణం కావాలి. గల్ఫ్ దేశాల్లో బిడ్డ పుట్టినప్పుడు ఆస్పత్రులూ, జనన ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయాలూ సాధారణంగా మొదట అడిగేది వివాహ ధ్రువపత్రమే. బిడ్డ పుట్టాక ఆ దేశం ఇచ్చే జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పూర్తి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తర్వాత కేంద్ర హోం శాఖ పౌరసత్వ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల ప్రతులు, వివాహ ధ్రువపత్రం, ఇద్దరూ సంతకం చేసిన ప్రకటనతో కాన్సులేట్‌లో ఇవ్వాలి. బిడ్డ పాస్‌పోర్టు దరఖాస్తు కూడా దీనితోపాటే నడుస్తుంది. పాస్‌పోర్టు చేతికి రాగానే పని ముగిసిందని అనుకోకుండా, జనన నమోదు ధ్రువపత్రాన్ని విడిగా అడిగి తీసుకుని భద్రపరచాలి. పాస్‌పోర్టుకు గడువు తీరుతుంది. నమోదు ధ్రువపత్రం మాత్రం జీవితాంతం పనికొస్తుంది.

గడువు ఇప్పటికే దాటిపోయినవారు నిరాశ పడవలసిన పని లేదు. ఆలస్యానికి కారణాన్ని ఉన్నది ఉన్నట్లు, తేదీలతో సహా రాసి, ఆస్పత్రి కాగితాలు, యజమానితో గొడవకు సంబంధించిన పత్రాలు వంటి ఆధారాలు జతచేసి కాన్సులేట్ ద్వారానే కేంద్రానికి పంపుకోవాలి. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇలా వంశానుగతంగా పౌరుడైన మైనరుకు పుట్టిన దేశపు పౌరసత్వం కూడా ఉంటే, యుక్తవయసు వచ్చిన ఆరు నెలల్లోపు ఆ రెండోదాన్ని వదులుకోవాలి, లేకపోతే భారత పౌరసత్వం పోతుంది.

నమోదు ద్వారా పౌరసత్వం

5వ సెక్షన్ కింద వచ్చే ఈ మార్గం భారతదేశంతో ఏదో ఒక బంధం ఉన్న విదేశీయుల కోసం. భారత పౌరుడిని లేదా పౌరురాలిని పెళ్లి చేసుకున్నంత మాత్రాన పౌరసత్వం రాదు, ఏడేళ్లు ఇక్కడ నివసించాలి. ఆ ఏడేళ్లను లెక్కించే పద్ధతి ప్రత్యేకమైనది. దరఖాస్తు చేసే రోజుకు ముందు పన్నెండు నెలలు ఎడతెగకుండా దేశంలో ఉండాలి, ఆ పన్నెండు నెలలకు ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం కలిపి ఆరేళ్లు ఉండాలి. అంటే పురుటికి పుట్టింటికి వెళ్లి రావడానికి, తల్లిదండ్రుల అనారోగ్యానికి ప్రయాణం చేయడానికి ఆ ఎనిమిదేళ్లలో వీలుంది గానీ, చివరి పన్నెండు నెలల్లో లేదు. పాస్‌పోర్టులోని ప్రతి ఇమిగ్రేషన్ ముద్రను చూసి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, బయట ఉన్న రోజులు అని మూడు గడుల పట్టిక వేసుకుని, లెక్క సరిపోయిందని తేలాకే దరఖాస్తు చేయాలి. వధూవరుల మతాలు వేరైనప్పుడు పెళ్లిని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేసుకోవడం క్షేమం. దానికి ముప్పై రోజుల ముందస్తు నోటీసు ఉంటుంది.

భారత సంతతి వారికి కూడా ఇదే ఏడేళ్ల నిబంధన. అయితే ఇక్కడ సంతతి అన్న మాటకు చట్టం ఇచ్చిన పరిధి ఇరుకైనది. దరఖాస్తుదారు గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ అవిభక్త భారతదేశంలోనో, 1947 ఆగస్టు 15 తర్వాత భారతదేశంలో కలిసిన ప్రాంతంలోనో పుట్టి ఉండాలి. మారిషస్‌లోనో దక్షిణాఫ్రికాలోనో నాలుగైదు తరాలుగా ఉంటూ ఇంట్లో ఉగాది చేసుకునే తెలుగువారికి ఈ నిబంధన అందదు. వారిలో అర్హత ఉన్నవారికి ఓసీఐ కార్డు దారి ఉంది. ఆ కార్డు జీవితకాల వీసా వంటిదే గానీ పౌరసత్వం కాదు. దానితో ఓటు వేయలేరు, చట్టసభలకు పోటీ చేయలేరు, వ్యవసాయ భూమి కొనలేరు.

ఒకప్పుడు తానో, తన తల్లిదండ్రుల్లో ఒకరో స్వతంత్ర భారత పౌరులైనవారికి నిబంధన తేలిక. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసిస్తే చాలు. అయిదేళ్లుగా ఓసీఐ కార్డు ఉన్నవారికి కూడా అదే పన్నెండు నెలలు. ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని కేంద్రం తృప్తి చెందితే ఈ పన్నెండు నెలల్లో మొత్తం ముప్పై రోజుల వరకు మినహాయింపు ఇవ్వవచ్చని 2015 సవరణ చెబుతోంది. అది కోరి పొందే హక్కు కాదు కనుక దాన్ని నమ్ముకుని ప్రయాణాలు పెట్టుకోకూడదు.

ఈ పన్నెండు నెలల నిబంధన ఎంత గట్టిదో తెలంగాణలోనే ఒక కేసు చూపించింది. వేములవాడ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2009లో నమోదు ద్వారా భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఆయన ఇక్కడ నిరంతరంగా నివసించలేదన్న ఫిర్యాదుపై కేంద్ర హోం శాఖ విచారణ జరిపి, 2017లోనూ మళ్లీ 2019లోనూ ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తీర్పు చెప్పింది. పదిహేనేళ్ల పాటు సాగిన ఆ వివాదానికి మూలం దరఖాస్తులో విదేశీ ప్రయాణాల గురించి రాయవలసిన వివరాలే. ప్రయాణాల గడిని నింపే ప్రతి ఒక్కరూ ఈ కేసును గుర్తుంచుకోవాలి.

పిల్లల విషయంలో రెండు ఉపయోగకరమైన నిబంధనలు పెద్దగా ప్రచారంలో లేవు. భారత పౌరులైన తల్లిదండ్రుల మైనరు బిడ్డ విదేశీ పౌరసత్వంతో ఉంటే, ఆ బిడ్డను 5వ సెక్షన్ కింద నమోదు చేయించవచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలతో హైదరాబాద్‌కో విశాఖపట్నానికో తిరిగి వచ్చిన కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. పాత పౌరసత్వాన్ని వదులుకోవడానికి ఆ దేశ చట్టం మైనరుకు వీలు కల్పిస్తుందో లేదో ముందుగా కనుక్కోవాలి. ఇక తల్లి గానీ తండ్రి గానీ అధికారికంగా భారత పౌరసత్వాన్ని వదులుకున్నప్పుడు పౌరసత్వం కోల్పోయిన మైనరు, యుక్తవయసు వచ్చిన ఏడాదిలోపు ప్రకటన ఇచ్చి దాన్ని తిరిగి పొందవచ్చని 8వ సెక్షన్ చెబుతోంది.

సహజీకృత పౌరసత్వం

భారతదేశంతో రక్తబంధం, వివాహబంధం ఏవీ లేని విదేశీయుడికి 6వ సెక్షన్ దారి చూపుతుంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు నిరంతరంగా, దానికి ముందున్న పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్లు ఇక్కడ నివసించాలి. సత్ప్రవర్తన ఉండాలి, అక్రమ వలసదారు కాకూడదు, పౌరసత్వం మంజూరైతే పాత పౌరసత్వాన్ని వదులుకుంటానని హామీ ఇవ్వాలి. దీనితోపాటు రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాషల్లో ఏదో ఒకటి తగినంత తెలిసి ఉండాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఒకటి కనుక మన ఊళ్లలో ఏళ్ల తరబడి ఉండి పని చేస్తున్న విదేశీయులు హిందీ రాదని వెనకాడవలసిన పని లేదు. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో జనంతో తెలుగులో మాట్లాడుతూ జీవితం గడిపిన మనిషి ఆ భాషతోనే ఈ అర్హత చూపుకోవచ్చు. శాస్త్రం, తత్త్వం, కళ, సాహిత్యం, ప్రపంచశాంతి, మానవ ప్రగతి రంగాల్లో విశిష్ట సేవ చేసినవారికి ఈ షరతుల్లో కొన్నింటినో అన్నింటినో సడలించే అధికారం కేంద్రానికి ఉంది.

2019 సవరణ ఈ మార్గంలో ఒక ప్రత్యేక వెసులుబాటు కల్పించింది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 నాటికి వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకు పదకొండేళ్ల నివాసాన్ని అయిదేళ్లకు తగ్గించింది. దాని అమలు నిబంధనలు 2024 మార్చి 11న వెలువడ్డాయి.

భూభాగం విలీనమైనప్పుడు

ఇది వ్యక్తి దరఖాస్తు చేసి పొందేది కాదు. గోవా, సిక్కిం, పుదుచ్చేరి ప్రజలు ఈ మార్గంలోనే పౌరులయ్యారు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ యానాం. ఫ్రాన్స్‌తో 1956లో కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చినప్పుడు, అక్కడ పుట్టి అక్కడే స్థిరనివాసం ఉన్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులయ్యారు. ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా కోరుకున్నవారికి మాత్రం ఫ్రెంచి జాతీయత నిలిచింది. ఆ కుటుంబాల్లో ఇప్పటి తరం తన పౌరసత్వం తేల్చుకోవాలంటే, తాతగారు ఆనాడు కోరుకున్నది ఏ జాతీయతనో చెప్పే కాగితం దగ్గర మొదలుపెట్టాలి.

దరఖాస్తు నుంచి ధ్రువపత్రం దాకా

నమోదుకైనా, సహజీకృత పౌరసత్వానికైనా కేంద్ర హోం శాఖ పౌరసత్వ పోర్టల్‌లో తన సెక్షన్‌కు తగిన దరఖాస్తును ఎంచుకుని నింపాలి. ప్రతి సెక్షన్‌కూ వేర్వేరు దరఖాస్తు ఉంటుంది. వివాహం ఆధారంగా అర్హత ఉన్నవారు సంతతి దరఖాస్తు నింపితే అది వెనక్కి వస్తుంది. నింపాక ముద్రించిన ప్రతిని, జతపరచిన పత్రాలతో నివసిస్తున్న జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఇవ్వాలి. విదేశీ పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న నివాస అనుమతి, రుసుము చెల్లించిన రసీదు, దరఖాస్తుదారు అఫిడవిట్, ఆయన గుణగణాలు తెలిసిన ఇద్దరు భారత పౌరుల అఫిడవిట్లు సాధారణంగా కావాలి. పౌరసత్వానికి దరఖాస్తు చేస్తున్నట్లు స్థానిక పత్రికల్లో వేయించిన ప్రకటన కత్తిరింపులు, భాష తెలుసన్న ధ్రువపత్రాలు కూడా సెక్షన్‌ను బట్టి అడుగుతారు. నివాస అనుమతి గడువు మీద ఒక కన్నేసి ఉంచాలి. దరఖాస్తు పరిశీలనలో ఉండగా అది ముగిసిపోతే అప్పటిదాకా చేసిన పనంతా చిక్కులో పడుతుంది. కనుక హైదరాబాద్‌లోని విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలోనో, జిల్లా పోలీసు కార్యాలయంలోనో ముందుగానే పొడిగించుకోవాలి.

కలెక్టరు అర్హతను విచారించి నివేదికను రాష్ట్ర ప్రభుత్వానికి పంపుతారు, రాష్ట్రం దాన్ని తన అభిప్రాయంతో కేంద్రానికి పంపుతుంది. పోలీసులు, నిఘా సంస్థలు విడిగా విచారణ జరుపుతాయి. ఇంటికి వచ్చిన కానిస్టేబులు అడిగే ప్రశ్నలకు దరఖాస్తులో రాసినదే చెప్పగలగాలి కనుక దరఖాస్తు పూర్తి నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. అన్నీ సక్రమంగా ఉంటే హోం శాఖ నుంచి అంగీకార లేఖ వస్తుంది. అది ధ్రువపత్రం కాదు. పాత పౌరసత్వాన్ని వదులుకున్నట్లు ఆ దేశపు అధికారులు ఇచ్చిన రుజువును సమర్పించాకే ధ్రువపత్రం ఇస్తారు. అంగీకార లేఖ రాకముందే తొందరపడి పాత పౌరసత్వం వదులుకోవడం ప్రమాదకరం, ఈలోగా దరఖాస్తు తిరస్కరణకు గురైతే మనిషి ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోతాడు. యుక్తవయసు వచ్చినవారు భారత రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం కూడా చేయాలి.

దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే 17వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మోసంతోనో, వాస్తవాలు దాచిపెట్టో పొందిన పౌరసత్వాన్ని 10వ సెక్షన్ కింద ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. తమ పౌరసత్వంపై నిజాయితీగానే సందేహం ఉన్నవారు కేంద్రాన్ని 13వ సెక్షన్ కింద ధ్రువపత్రం కోరవచ్చు. ఈ వెసులుబాటు న్యాయవాదుల్లో కూడా కొందరికే తెలుసు.

భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు కనుక కొత్త పౌరుడు పాత పాస్‌పోర్టుతో ప్రయాణించకూడదు. అదే విధంగా మన పౌరుడు మరో దేశపు పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం 9వ సెక్షన్ కింద ముగుస్తుంది, ఆ తర్వాత భారత పాస్‌పోర్టును వాడుకోవడం నేరం. ధ్రువపత్రం అందాక నివాస అనుమతి పత్రాన్ని సంబంధిత కార్యాలయంలో అప్పగించి, భారత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. ఓటు హక్కు కోసం ఫారం 6 నింపి బూత్ స్థాయి అధికారికి గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇచ్చేటప్పుడు, పౌరసత్వ ధ్రువపత్రం నకలును దానికి జతచేయాలి.